నార్మల్ డెలివరీ: నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బాలింత ఇంటికి చేరేదాకా తరచుగా అడిగే ప్రశ్నలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81కి పైనే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44కి పైనే. దీనివల్ల హైదరాబాద్ ఇళ్లలో ఒక సంగతి మారిపోయింది. అక్కకు ఆపరేషన్, వదినకు ఆపరేషన్, పక్కింటి అమ్మాయికీ ఆపరేషనే. నొప్పులు ఎలా మొదలవుతాయో, ఎంతసేపు ఉంటాయో చెప్పగలిగేవాళ్లు అమ్మమ్మల తరంలోనే మిగిలారు. తొలిచూలు తల్లులూ, వాళ్ల వెంట ఆసుపత్రికి వచ్చేవాళ్లూ మమ్మల్ని అడిగే ప్రశ్నలకు అందుకే ఇంత వివరంగా జవాబులు రాస్తున్నాం. బీపీ, షుగర్, కవలలు, ఎదురుకాళ్లు ఉన్నవాళ్లకు వీటిలో కొన్ని వర్తించవు. వాళ్లు తమ డాక్టరు మాటే ఖాయం చేసుకోవాలి.

ఇవి అసలు నొప్పులేనా, ఉత్తుత్తి నొప్పులా?

తొమ్మిదో నెలలో పొట్ట గట్టిపడి వదిలేయడం చాలామందికి ఉంటుంది. కాసేపు నడిచినా, రెండు గ్లాసుల నీళ్లు తాగి ఎడమవైపు తిరిగి పడుకున్నా తగ్గిపోతే అవి ఉత్తుత్తివే. అసలు నొప్పులు ఏం చేసినా ఆగవు. చాలామందికి నడుములో మొదలై పొత్తికడుపులోకి దిగుతాయి. మొదట్లో 15-20 నిమిషాలకొకటి వచ్చి క్రమంగా దగ్గరపడతాయి, ఒక్కో నొప్పి ఉండే సేపూ పెరుగుతుంది.

ఫోన్లో రెండు అంకెలు రాసుకోండి: ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా ఎన్ని నిమిషాలు, నొప్పి ఎన్ని సెకన్లు ఉంది. చాలామంది మొదటిది నొప్పి తగ్గిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, దాంతో లెక్క తప్పిపోతుంది.

కొద్దిగా రక్తపు చారలున్న జిగురు పడితే గర్భాశయ ముఖద్వారం మెత్తబడుతున్నట్టు. నొప్పులు ఆ రాత్రే రావచ్చు, మరికొన్ని రోజులకూ రావచ్చు. అది చూసి కంగారు పడి బయల్దేరక్కర్లేదు.

ఆసుపత్రికి ఎప్పుడు బయల్దేరాలి?

తొలిచూలు అయితే నొప్పులు 5 నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి దాదాపు నిమిషం పాటు, గంటసేపు ఆగకుండా వస్తున్నప్పుడు. రెండో కాన్పు వేగంగా అవుతుంది కాబట్టి 8-10 నిమిషాలకొకటి రాగానే కదలండి. ఈ లెక్క ఆసుపత్రి దగ్గర్లో ఉన్నవాళ్లకు. మేడ్చల్‌లోనో శంషాబాద్‌లోనో ఉండి కోఠిలోనో పేట్లబుర్జులోనో ఉన్న ప్రసూతి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, వానాకాలంలో సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ నొప్పులు మొదలైనవాళ్లు ఇంకా ముందే బయల్దేరాలి. ఎనిమిదో నెలలోనే ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఆ దారిలో వెళ్లి చూడండి. రాత్రిపూట ఏ గేటు తెరిచి ఉంటుందో, క్యాజువాలిటీ ఎటువైపో తెలిసి ఉంటే అర్ధరాత్రి వెతుక్కునే పని తప్పుతుంది. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు 102 అమ్మ ఒడి వాహనం ఉంది. అత్యవసరమైతే 108.

మరీ ముందుగా వెళ్లి చేరడమూ మంచిది కాదు. ముఖద్వారం 2 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడే మంచం ఎక్కితే గంటలు లెక్కపెట్టడం మొదలవుతుంది, ‘ఇంకా కాలేదా’ అన్న ఒత్తిడి వస్తుంది, అవసరం లేకుండానే నొప్పులు పెంచే సెలైన్ ఎక్కే అవకాశం పెరుగుతుంది. అంతా బాగున్నప్పుడు తొలి నొప్పుల సమయం ఇంట్లో గడపడమే మేలు: వేడినీళ్ల స్నానం, నడక, తేలికపాటి తిండి, వీలైతే నిద్ర.

నొప్పుల్లేకుండానే ఉమ్మనీరు పోయింది. ఆగొచ్చా?

ఆగొద్దు. ప్యాడ్ పెట్టుకుని, టైమ్ రాసుకుని, రంగు చూసి బయల్దేరండి. తేటగా ఉంటే హడావుడి అక్కర్లేదు, చాలామందికి 24 గంటల్లోపు నొప్పులు వాటంతటవే వస్తాయి. కానీ గంటలు గడిచేకొద్దీ ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. అందుకే ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటితే యాంటీబయోటిక్ ఇస్తారు. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలం విసర్జించినట్టు, వెంటనే గుండె చప్పుడు చూడాలి. ఇక నీటితోపాటు బొడ్డుతాడు జారి చేతికి తగిలితే అది నిమిషాల మీద ఉన్న ప్రమాదం. మోకాళ్ల మీద వంగి, తల కిందికి, పిరుదులు పైకి ఉండేలా పెట్టి 108కి ఫోన్ చేయండి. తాడును లోపలికి తొయ్యొద్దు.

నెలలు నిండాక బిడ్డ కదలికలు తగ్గడం మామూలేనటగా?

కాదు. చోటు తగ్గి కదలిక తీరు మారవచ్చు గానీ కదలికలు తగ్గకూడదు. తగ్గినట్టు అనిపిస్తే ఏదైనా తిని, రెండు గంటలు పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. 10 కదలికలు రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా వెళ్లండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

అన్నిటికన్నా పైన కాగితాలు: ఎంసీపీ కార్డు (గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు), స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్ కాగితం, ఆఖరిసారి చేసిన హిమోగ్లోబిన్ రిపోర్టు, భార్యాభర్తల ఆధార్. ముందు తెరుచుకునే నైటీలు రెండు మూడు, పెద్ద సైజు ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, బిడ్డకు ఉతికి ఎండబెట్టిన పాత నూలు గుడ్డలు, టోపీ, సాక్సులు. తల్లికి కూడా సాక్సులు పెట్టండి, లేబర్ రూమ్ ఏసీలో వణుకు వస్తుంది. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే ఆ సంగతి ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాయించండి. బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి.

నా వెంట లోపలికి ఎవరినైనా రానిస్తారా?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ తల్లికి తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. అక్కడ ఇతర తల్లులు కూడా ఉంటారు కాబట్టి ఆడమనిషినే రానిస్తారు. ప్రైవేటులో చాలాచోట్ల భర్తను రానిస్తారు. ముందే అడిగి తెలుసుకోండి.

తోడు వచ్చేవాళ్లకూ పని ఉంది. నొప్పి వచ్చినప్పుడు నడుము కింద, పిరుదుల చీలికకు కాస్త పైన, అరచేతి మడమతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. నొప్పి తగ్గగానే గుక్కెడు నీళ్లు తాగించాలి. రెండు గంటలకోసారి బాత్రూమ్‌కు తీసుకెళ్లాలి, మూత్రాశయం నిండితే బిడ్డ తల కిందికి దిగదు. ‘మేమంతా కనలేదా’ అనే మాట మాత్రం అనొద్దు.

మొత్తం ఎన్ని గంటలు పడుతుంది?

ముఖద్వారం 0 నుంచి 5 సెంటీమీటర్ల దాకా తెరుచుకునే దశకు కచ్చితమైన లెక్క లేదు. తొలిచూలుకు ఒక రోజు పైన పట్టినా తప్పేమీ కాదు. 5 నుంచి 10 దాకా పట్టే సమయం తొలిచూలుకు సాధారణంగా 12 గంటలు, తర్వాతి కాన్పులకు 10 గంటలు మించదు. 10 తెరుచుకున్నాక బిడ్డ బయటికి రావడానికి తొలిచూలులో 3 గంటలలోపు, తర్వాత 2 గంటలలోపు. గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పక్కనపెట్టింది. తల్లీబిడ్డలు బాగుంటే ఆలస్యమొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. లోపలి పరీక్ష 4 గంటలకోసారి సరిపోతుంది. బిడ్డ గుండె చప్పుడు మాత్రం అరగంటకోసారైనా వినాలి, నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి.

ఆ నొప్పి అసలు ఎలా ఉంటుంది?

ఒకరికి నడుము విరిగిపోతున్నట్టు, ఒకరికి తొడల్లోకి లాగినట్టు, ఇంకొకరికి నెలసరి నొప్పి పదింతలైనట్టు. అందరికీ ఒకేలా ఉండే సంగతి ఒకటుంది. నొప్పి అలలా లేచి, అరనిమిషంలో తారస్థాయికి చేరి, దిగిపోతుంది. మధ్యలో విరామం నిజంగా ఉంటుంది. ఆ విరామంలో ఒళ్లు పూర్తిగా వదిలేయగలిగితే సగం గెలిచినట్టే. పళ్లు బిగించడం, భుజాలు పైకి లాగడం, పిడికిళ్లు ముడవడం బలాన్ని తినేస్తాయి. నొప్పి మొదలవగానే ముక్కుతో గాలి పీల్చి, నోరు వదులుగా తెరిచి ‘ఆ...’ అంటూ లావు గొంతుతో శబ్దం చేస్తూ వదలండి. కీచుగా అరిస్తే గొంతుతోపాటు కిందంతా బిగుసుకుంటుంది.

8 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య అతి కష్టమైన ఘట్టం. రెండు నిమిషాలకోసారి నొప్పి, కాళ్లు వణకడం, వాంతి, ఒక్కసారిగా చెమట, మరుక్షణం చలి. ‘నా వల్ల కాదు, ఆపరేషన్ చేసేయండి’ అని చాలామంది తల్లులు అడిగేది ఇక్కడే. బయట వరండాలో ఉన్న తల్లిదండ్రులు ఆ కేక విని సంతకం పెట్టేస్తారు. నిజానికి అది ఆఖరి మలుపు. సాధారణంగా గంటో రెండు గంటలో. అప్పుడు సిస్టర్ను అడగాల్సింది ఒక్కటే: ‘ఎన్ని సెంటీమీటర్లు, బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉంది?’

నొప్పుల్లో తినొచ్చా?

రిస్కు లేని కాన్పులో తినొచ్చు, తాగొచ్చు. మజ్జిగ, కొబ్బరినీళ్లు, రాగిజావ, సగ్గుబియ్యం జావ, ఇడ్లీ, అరటిపండు సరిపోతాయి. బిర్యానీ, మిర్చిబజ్జీ వద్దు, వాంతిలో కలిసి గొంతు మండుతుంది. ఎనిమా, షేవింగ్ రెండూ తప్పనిసరి కావు.

ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) తీసుకుంటే జన్మంతా నడుము నొప్పి ఉంటుందా?

ఉండదు. సూది పడ్డచోట కొద్దిరోజులు నొప్పిగా ఉండొచ్చు. కాన్పు తర్వాత నడుము నొప్పి ఎపిడ్యూరల్ తీసుకోనివాళ్లకూ వస్తుంది. బిడ్డను వంగి ఎత్తుకోవడం, కూర్చునే తీరు దానికి కారణాలు.

మత్తు డాక్టరు వెన్నుపూసల మధ్య సన్నని గొట్టం పెట్టి సూది తీసేస్తారు, మందు దాని గుండా వెళ్తుంది. మీరు వీపు గుండ్రంగా వంచి కదలకుండా ఉండాలి, అందుకే నొప్పికీ నొప్పికీ మధ్య పెడతారు. పని చేయడానికి 15-20 నిమిషాలు. బీపీ పడిపోవచ్చు, వణుకు, దురద రావొచ్చు. ముక్కే దశ కొంచెం సాగుతుంది, వాక్యూమ్ (బిడ్డ తలకు కప్పు పెట్టి లాగే పరికరం) అవసరం కాస్త పెరుగుతుంది. సిజేరియన్ అవకాశం మాత్రం పెరగదు. సుమారు 100 మందిలో ఒకరికి లేచి కూర్చుంటే పెరిగే తీవ్రమైన తలనొప్పి వస్తుంది, దానికి చికిత్స ఉంది. రాత్రిపూట మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, పిలిస్తే వస్తారా అన్నది చేరకముందే కనుక్కోండి.

నొప్పులు రావడానికి మందు పెడతామన్నారు. ఒప్పుకోవచ్చా?

ముందు కారణం అడగండి. 41 వారాలు దాటడం, బీపీ, షుగర్, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోవడం, బిడ్డ ఎదగకపోవడం సరైన కారణాలు. ముఖద్వారం గట్టిగా ఉంటే ముందు దాన్ని మెత్తబరచాలి. అందుకు జెల్, మాత్రలు, లేదా బెలూన్ ఉన్న ఫోలీ గొట్టం వాడతారు. ఆ తర్వాతే ఆక్సిటోసిన్ సెలైన్. మెత్తబడకముందే సెలైన్ ఎక్కిస్తే నొప్పులు వస్తాయి గానీ ముఖద్వారం తెరుచుకోదు, చివరికి ‘ఫెయిలయింది’ అని ఆపరేషన్ గదికి తీసుకెళ్తారు. తొలిచూలులో ఈ పనికి రెండు రోజులు పట్టొచ్చని ముందే మనసులో పెట్టుకోండి. సెలైన్ ఎక్కుతున్నంతసేపు బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ ఉండాలి. 10 నిమిషాల్లో 5 కన్నా ఎక్కువ నొప్పులు వస్తుంటే సిస్టర్కు చెప్పండి, వేగం తగ్గించాలి లేదా ఆపాలి.

పేగు మెడకు చుట్టుకుందట, ఉమ్మనీరు తగ్గిందట, బిడ్డ పెద్దదట. ఆపరేషన్ తప్పదా?

బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం చాలా మామూలు, నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి ఉంటుంది. తల బయటికి రాగానే వేలితో తప్పిస్తారు. స్కాన్‌లో కనిపించినంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు. ఉమ్మనీరు తగ్గిందంటే అంకె అడగండి. ఏఎఫ్ఐ (స్కాన్‌లో ఉమ్మనీటి కొలత) 5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే తక్కువ కిందే లెక్క. నెలలు నిండి ఉంటే నొప్పులు రప్పించి నార్మల్‌కు ప్రయత్నించే వీలు చాలామందికి ఉంటుంది. ఇక స్కాన్ చెప్పే బరువు 10-15 శాతం అటూ ఇటూ అవుతుంది. 3.5 కిలోలన్నది దానంతటదే కారణం కాదు.

మాయ కింద అడ్డుగా ఉంటే, బిడ్డ అడ్డం తిరిగి ఉంటే, తాడు జారితే, గుండె చప్పుడు పడిపోయి కోలుకోకపోతే, మంచి నొప్పులున్నా గంటల తరబడి తల దిగకపోతే ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అప్పుడు వాదించి ఆలస్యం చేయకండి. అలా ఆపరేషనైన తల్లి ఓడిపోయినట్టు ఎవరూ మాట్లాడొద్దు.

మంచి ముహూర్తం చూసి కాన్పు పెట్టుకోవచ్చా?

వద్దనే చెబుతాం. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా తీసిన బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు మిగిలి, ఆయాసంతో ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) పడే అవకాశం ఎక్కువ. నక్షత్రం కోసం వారం ముందు జరిపేవాళ్లు ఈ సంగతి తెలిసి నిర్ణయించుకోవాలి.

ముక్కడం ఎలా? కింద కోత తప్పనిసరా?

10 సెంటీమీటర్లు తెరుచుకున్నా ముక్కాలన్న కోరిక వచ్చేదాకా ఆగడం మంచిది. వచ్చినప్పుడు మలవిసర్జనకు ముక్కినట్టే, కిందివైపు బలం పెట్టాలి. ముఖంలోకి, గొంతులోకి బలం పెడితే కళ్లు ఎర్రబడటమే మిగులుతుంది. వెల్లకిలా ఒక్కటే మార్గం కాదు, పక్కకు తిరిగి పైకాలు ఎత్తి పట్టుకున్నా, గొంతుక్కూర్చున్నా అవుతుంది. ఎవరైనా పైనుంచి పొట్ట నొక్కుతుంటే వద్దని చెప్పే హక్కు మీకుంది. అది గర్భాశయానికీ బిడ్డకూ హాని చేయొచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటోంది.

తల కనిపిస్తున్నప్పుడు కింద భగ్గున మండుతుంది. అప్పుడు ముక్కడం ఆపి, కొవ్వొత్తి ఊదినట్టు చిన్నచిన్నగా ఊపిరి వదలాలి. తల మెల్లగా వస్తేనే చిరుగు తగ్గుతుంది. సిస్టర్ ఆ సమయంలో గోరువెచ్చటి తడిగుడ్డ ఒత్తిపెట్టినా ఉపయోగమే. తొలిచూలు అందరికీ కోత పెట్టాలన్న నియమం లేదు. బిడ్డను త్వరగా తీయాల్సి వచ్చినా, వాక్యూమో ఫోర్సెప్సో (తలను పట్టి తీసే పటకారో) వాడినా పెడతారు. కుట్లు కరిగిపోయే దారంతోనే వేస్తారు, విప్పాల్సిన పని లేదు.

బిడ్డ పుట్టాక ఏం జరుగుతుంది?

వెంటనే తుడిచి తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టాలి. తాడును 1 నుంచి 3 నిమిషాల తర్వాత కత్తిరిస్తే బిడ్డకు అదనంగా రక్తం, ఇనుము అందుతాయి. గర్భాశయం బిగుసుకోవడానికి తల్లి తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు. మాయ సాధారణంగా అరగంటలోపు పడుతుంది. పడ్డాక దాన్ని పళ్లెంలో పరిచి, ముక్కేమైనా లోపల ఉండిపోయిందా అని ఒక్కో తమ్మె చూస్తారు. చిన్న ముక్క మిగిలినా గర్భాశయం బిగుసుకోదు, రక్తం ఆగదు.

మొదటి రెండు గంటలే అసలు జాగ్రత్త పడాల్సినవి. బొడ్డు దగ్గర గర్భాశయం గట్టి బంతిలా తగలాలి. మెత్తగా ఉంటే రక్తం పోతున్నట్టే, అప్పుడు సిస్టర్ పొట్ట రుద్ది గట్టిపరుస్తారు. 500 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం. 6 గంటల్లోపు మూత్రం పోవాలి. బిడ్డకు విటమిన్ కె, బీసీజీ, పోలియో చుక్కలు పడాలి. హెపటైటిస్-బి మొదటి 24 గంటల్లోపే పడాలి. స్నానం 24 గంటలు దాటాకే.

మొదటిది సిజేరియన్. రెండోది నార్మల్ అవుతుందా?

పాత కోత అడ్డంగా, కింద ఉండి, ఇంకో ఇబ్బంది లేకపోతే ప్రయత్నించినవాళ్లలో నూటికి 60-80 మందికి అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. అందుకే 24 గంటలూ ఆపరేషన్ గది, రక్తం సిద్ధంగా ఉండే ఆసుపత్రిలోనే ప్రయత్నించాలి.

నెయ్యి, ఆముదం తాగితే సులువవుతుందా?

నెయ్యి బిడ్డ జారే దారిలోకి వెళ్లదు. ఆముదం విరేచనాలు పట్టించి, నొప్పులు మొదలయ్యే వేళకు తల్లిని నీరసపరుస్తుంది. వద్దు.

బాలింతకు నీళ్లు తగ్గించాలా? పథ్యం ఎన్నాళ్లు?

నీళ్లు తగ్గించకూడదు. పాలు తగ్గుతాయి, మలబద్ధకం వచ్చి కుట్లు లాగుతాయి, మూత్రంలో మంట వస్తుంది. శొంఠి, వెల్లుల్లి కారం, మునగాకు, మెంతికూర తినడం బాగానే ఉంటుంది. వాటితోపాటు పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు, పండ్లు కూడా ఉండాలి. వట్టి కారం అన్నంతో నెల గడపడం రక్తహీనతకు దారి. ఐరన్, కాల్షియం మాత్రలు 6 నెలలు వేసుకోవాలి.

కుట్ల దగ్గర మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాల చొప్పున, తర్వాత రోజుకు రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ల టబ్బులో కూర్చోవడం. ముందునుంచి వెనక్కి కడుక్కోవాలి. సాంబ్రాణి పొగ బిడ్డ గదిలో వద్దు, పసి ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

ముర్రుపాలు పిండి పారేయాలా?

ఒక్క చుక్క కూడా పారేయొద్దు. గంటలోపే పట్టించాలి. తేనె, పంచదార నీళ్లు, ఆముదం, వస ఏదీ నాకించొద్దు. మొదటి రోజు చెంచాడు పాలే వచ్చినా బిడ్డ పొట్టకు అదే చాలు. మొదటి వారంలో బరువు 10 శాతం దాకా తగ్గి రెండు వారాల్లో తిరిగి వస్తుంది. అయిదో రోజుకల్లా రోజుకు 6 సార్లు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

ఇంటికొచ్చాక దేనికి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి?

గంటకో ప్యాడ్ తడిసిపోవడం, నిమ్మకాయ కన్నా పెద్ద రక్తపు గడ్డలు, 38 డిగ్రీలు దాటిన జ్వరం, చెడు వాసన, ఒక పిక్కలోనే వాపూ నొప్పీ, ఆయాసం. తలనొప్పితో కళ్లు మసకబారినా, ఫిట్స్ వచ్చినా బీపీ అనుకోవాలి, కాన్పైన ఆరు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. రక్తస్రావం మెల్లగా తగ్గుతూ 4-6 వారాలు ఉండటం మామూలే.

ఏడుపు ఆగకపోవడం, నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద మనసు పోకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని ‘బాలింత బలహీనత’ అని కొట్టేయకండి. అది చికిత్స ఉన్న జబ్బు.

ఖర్చు సంగతి, జనన ధ్రువపత్రం?

2011 జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం ఉచితం. నార్మల్ అయితే 3 రోజులు, సిజేరియన్ అయితే 7 రోజులు తల్లికి భోజనమూ పెట్టాలి. జననాన్ని ఆసుపత్రే 21 రోజుల్లోపు నమోదు చేయాలి. డిశ్చార్జి రోజే తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో రికార్డు సెక్షన్లో చూసుకోండి, తర్వాత దిద్దించుకోవడం పెద్ద పని. బిడ్డ పేరు పెట్టకపోయినా నమోదు ఆగదు, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు.